మండూక సూక్తానికి పాట కట్టిన ఇంగ్లిష్ మాస్టారు: గుస్టావ్ హోల్‌స్ట్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హోల్‌స్ట్ పేరెత్తగానే మనవాళ్లు అడిగే మొదటి ప్రశ్న "గ్రహాల మీద సంగీతం రాసింది ఆయనే కదా?" అని. రెండోది "ఆయనకు సంస్కృతం వచ్చట, నిజమా?" అని. మొదటిదానికి జవాబు ప్రపంచమంతటికీ తెలుసు: ఆర్కెస్ట్రా కోసం ఏడు భాగాలుగా రాసిన "గ్రహాలు" (ద ప్లానెట్స్) ఆయనదే. నాకు మాత్రం రెండోదే అసలు కథ అనిపిస్తుంది, అందుకే ఈ పేజీలో దానికి ఎక్కువ చోటిచ్చాను.

హోల్‌స్ట్ ఎవరు? రెండు ముక్కల్లో చెప్పండి.

ఇంగ్లండ్‌కు చెందిన స్వరకర్త. 1874 సెప్టెంబర్ 21న చెల్టెన్‌హామ్‌లో పుట్టి, 1934 మే 25న లండన్‌లో పోయాడు. బతుకుదెరువు బడిపంతులు ఉద్యోగం. సంగీతం రాసిందంతా ఆదివారాల్లో, సెలవుల్లో. ఆ ఉద్యోగమే ఆయన్ని నిలబెట్టింది, ఆ ఉద్యోగమే ఆయన్ని అలసగొట్టింది కూడా.

పేరు జర్మన్ పేరులా ఉంది కదా, ఇంగ్లిష్‌వాడెలా అయ్యాడు?

ముత్తాత మథియాస్ రీగాలో పుట్టాడు. సంగీతం పాఠాలు చెప్పుకొనేవాడు. 1802లో కుటుంబంతో ఇంగ్లండ్ వచ్చి స్థిరపడ్డాడు. అక్కడి నుంచి తరతరాలుగా ఆ ఇంట్లో సంగీతమే వృత్తి. తండ్రి అడాల్ఫ్ చెల్టెన్‌హామ్‌లో చర్చి ఆర్గాన్ వాయించేవాడు, పియానో నేర్పేవాడు. పేరులోని "ఫాన్" అనే ముక్క మొదటి ప్రపంచ యుద్ధం రోజుల్లో తలనొప్పి తెచ్చిపెట్టింది. ఎసెక్స్‌లోని థాక్స్‌టెడ్ అనే పల్లెలో ఇల్లు అద్దెకు తీసుకుంటే, ఈ జర్మన్ పేరున్నవాడు పొలాల గట్ల మీద ఒంటరిగా ఎందుకు తిరుగుతున్నాడని ఊళ్లోవాళ్లకు అనుమానం వచ్చింది. 1918లో సైనికులకు సంగీతం నేర్పే పని మీద విదేశానికి వెళ్లాల్సి వచ్చినప్పుడు, చట్టప్రకారం ఆ "ఫాన్" తీసేయించుకున్నాడు.

ఆయన తమ్ముడు ఎమిల్ ఇంకా పెద్ద మార్పే చేసుకున్నాడు. ఎర్నెస్ట్ కోసార్ట్ అని పేరు పెట్టుకొని హాలీవుడ్‌లో క్యారెక్టర్ నటుడయ్యాడు.

చిన్నతనం ఎలా గడిచింది?

అంత సుఖంగా ఏమీ గడవలేదు. ఎనిమిదో ఏడు నిండకముందే తల్లి క్లారా చనిపోయింది. పిల్లవాడికి ఉబ్బసం, చూపు మందం. తండ్రి అతన్ని పియానో విద్వాంసుణ్ణి చేయాలని గంటలకొద్దీ సాధన చేయించాడు. కానీ కుడిచేతికి నరాల నొప్పి పట్టుకొని ఆ ఆశ పోయింది. ఆ నొప్పి జీవితాంతం వదల్లేదు. చేత్తో స్వరాలు రాసుకోవడమే ఆయనకు పెద్ద కష్టం. పెద్ద పెద్ద రచనల శుద్ధప్రతులు తోటి టీచర్లు, శిష్యులు రాసిపెట్టినవే.

ఉబ్బసానికి మందు లాగా ట్రాంబోన్ అనే ఇత్తడి బాకా ఊదమన్నాడు తండ్రి, ఊపిరితిత్తులు గట్టిపడతాయని. అదే తర్వాత కూడు పెట్టింది.

చదువు ఎక్కడ?

లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్. 1893లో చేరాడు, గురువు చార్లెస్ స్టాన్‌ఫర్డ్. స్కాలర్‌షిప్ 1895లో గానీ రాలేదు. అదే ఏడాది తోటి విద్యార్థి రాల్ఫ్ వాన్ విలియమ్స్‌తో స్నేహం కుదిరింది, అది నలభై ఏళ్లు నడిచింది. రాసిన కొత్త ముక్కని ఒకరికొకరు వినిపించుకొని, మొహమాటం లేకుండా తప్పులు పట్టుకొనేవాళ్లు. వాన్ విలియమ్స్ కలిగినింటివాడు, హోల్‌స్ట్ జేబులో ఎప్పుడూ చిల్లరే. అయినా ఆ విమర్శలో పెద్దా చిన్నా లేదు.

కాలేజీ అయ్యాక కొన్నేళ్లు ట్రాంబోన్ వాయిస్తూ బతికాడు. కార్ల్ రోజా ఒపేరా కంపెనీలో, స్కాటిష్ ఆర్కెస్ట్రాలో, సీజన్‌లో సముద్రతీరపు ఊళ్లలో వాయించే ఒక "వియన్నా" బ్యాండ్‌లో. ఈ చివరిదాని సంగతి నవ్వు తెప్పిస్తుంది. వాయించేవాళ్లంతా ఇంగ్లండ్ వాళ్లే. కానీ తెల్ల యూనిఫామ్ వేసుకొని, జనం ముందు విదేశీ యాసలో మాట్లాడాలని నాయకుడి ఆజ్ఞ. మన పెళ్లిళ్ల బ్యాండు మేళం వాళ్లకున్న బంగారు గుండీల కోటు గుర్తొస్తుంది నాకు.

సంస్కృతం నిజంగా నేర్చుకున్నాడా, లేక అనువాదాలు చదివి సరిపెట్టుకున్నాడా?

నిజంగానే నేర్చుకున్నాడు. పాతికేళ్ల వయసులో, చేతిలో ట్రాంబోన్ ఉద్యోగం తప్ప ఏమీ లేనప్పుడు.

మొదట భారతీయ సాహిత్యం మీద ఇంగ్లిష్‌లో వచ్చిన పుస్తకాలు చదివాడు. ఋగ్వేదం అనువాదాలు తెచ్చుకొని చూస్తే పాడుకోవడానికి ఒక్కటీ పనికిరాలేదు. పండితుల భాషలో, గొంతులో అడ్డుపడే మాటలతో ఉన్నాయి. సరే, మూలమే చదువుదామనుకొని 1899లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో చేరాడు, డిగ్రీ కోసం కాదు. అక్కడ పాళీ, సంస్కృత పండితురాలు మేబుల్ బోడ్ దగ్గర పాఠాలు చెప్పించుకున్నాడు.

పండితుడయ్యాడని కాదు. పక్కన నిఘంటువు పెట్టుకొని ఒక్కో పదం విడదీసుకుంటూ, అర్థం కూడబలుక్కొని, తర్వాత దాన్ని తన సొంత ఇంగ్లిష్‌లో పాడుకోవడానికి వీలుగా రాసుకొనేవాడు. మన ఇళ్లలో నాలుగు శ్లోకాలు కంఠతా వచ్చినవాళ్లకి ఇది చిన్న విషయంలా అనిపించవచ్చు. రాత్రి ట్రాంబోన్ ఊది, పొద్దున విభక్తులు వల్లెవేసే మనిషిని ఒకసారి ఊహించుకోండి.

అయితే వేదమంత్రాలను స్వరంతో సహా వాడాడా?

లేదు. ఇది చాలామంది పొరపాటు పడే చోటు. ఆయన పాటల్లో సంస్కృతం వినపడదు, అన్నీ ఇంగ్లిష్ మాటలే. ఉదాత్త అనుదాత్త స్వరితాలూ లేవు, మన రాగాలూ లేవు. ఆయన తీసుకున్నది భావాన్ని, ఆ సూక్తాల్లోని సూటిదనాన్ని. భారతీయ సంగీతం వినాలని వెళ్తే నిరాశపడతారు. ఋగ్వేదం ఒక ఇంగ్లిష్‌వాడి చెవిలో ఎలా మోగిందో తెలుసుకోవాలనుకుంటే మాత్రం మంచి విందు.

ఏయే సూక్తాలు తీసుకున్నాడు?

ముందు 1907-08లో ఒక గొంతు, పియానో కోసం తొమ్మిది పాటలు. ఉషస్సు, వరుణుడి మీద రెండు, మరుత్తులు, ఇంద్రుడు, వాక్కు, సృష్టి, శ్రద్ధ. వీటిలో సృష్టి అంటే మన నాసదీయ సూక్తం, "అప్పుడు ఉన్నదీ లేదు, లేనిదీ లేదు" అని మొదలయ్యేది. మిగిలిన ఒక్కటి కప్పల పాట, ఏడో మండలంలోని మండూక సూక్తం. ఏడాది పొడుగునా వ్రతం పట్టిన బ్రాహ్మణుల్లా నోరు మూసుకున్న కప్పలు, వాన పడగానే గొంతు విప్పుతాయి. గురువు చెప్పింది శిష్యుడు వల్లించినట్టు ఒకదాని మాట ఇంకొకటి అందుకుంటుంది. రోజూ ఆడపిల్లల బడిలో పాఠాలు చెప్పే మనిషి, వేదం మొత్తంలోంచి ఏరిన తొమ్మిదింటిలో ఈ ఒక్కటి ఎందుకు పెట్టుకున్నాడో నేనైతే అడగను.

ఆ తర్వాత 1908 నుంచి 1912 దాకా బృందగానాలు, నాలుగు వరసలుగా. మొదటి వరస ఆడా మగా కలిసిన బృందానికి, ఆర్కెస్ట్రాకి. అందులో "తెలియని దేవుడికి" అనేది మన హిరణ్యగర్భ సూక్తం, "కస్మై దేవాయ హవిషా విధేమ" అని దాదాపు ప్రతి ఋక్కు చివరా అడిగేది. రెండో వరస ఆడగొంతులకు ఆర్కెస్ట్రాతో, మూడోది ఆడగొంతులకు హార్ప్ అనే నిలువు తీగల వాద్యం ఒక్కదానితో, నాలుగోది మగగొంతులకు తీగ వాద్యాలు, ఇత్తడి వాద్యాలతో. ఒక్కటే వినే ఓపిక ఉంటే మూడో వరస వినండి. ఉషస్సు, జలాలు, వేనుడు, బాటసారులు, మొత్తం నాలుగు పాటలు. హార్ప్ తప్ప ఏమీ లేదు. ఆ జలాల పాట నీళ్ల మీద ఎండ పడినట్టే ఉంటుంది.

రామాయణం మీద కూడా ఒపేరా రాశాడంటారు?

రాశాడు. పేరు "సీత". మూడు అంకాలు, 1900లో మొదలుపెట్టి 1906 దాకా ఆరేళ్లు కూర్చున్నాడు. రికోర్డి అనే సంగీత ప్రచురణ సంస్థ పెట్టిన ఒపేరా పోటీకి పంపాడు, బహుమతి రాలేదు. ఆ రోజుల్లో కుర్ర స్వరకర్తలందరి నెత్తిన ఉన్న, జర్మన్ ఒపేరా స్వరకర్త వాగ్నర్ భూతం ఈయన నెత్తినా ఉంది. పెద్ద ఆర్కెస్ట్రా, పెద్ద గొంతులు, అరుపులు. వాగ్నర్ లాగా గొంతు చించుకోవడమే అదంతా అని తర్వాత ఆయనే వెక్కిరించుకున్నాడు.

మరి "సావిత్రి"?

ఇదీ ఆయన అసలు మలుపు. 1908లో రాసిన ఏకాంకిక, అరగంట ఉంటుంది. పాత్రలు మూడే: సావిత్రి, సత్యవంతుడు, మృత్యువు. వాద్యగాళ్లు పన్నెండుగురు, కనపడకుండా పాడే ఆడగొంతుల చిన్న బృందం. ఆరుబయటైనా, చిన్న గదిలోనైనా ఆడొచ్చు, తెర కూడా అక్కర్లేదని రాసిపెట్టాడు. సీతకి ఆరేళ్లు తగలేసిన మనిషే ఇది రాశాడంటే నమ్మబుద్ధి కాదు.

మొదలు ఎలా ఉంటుందంటే, వాద్యాలు ఏవీ మోగవు. ఎక్కడో దూరంగా మృత్యువు గొంతు ఒక్కటే సావిత్రిని పేరు పెట్టి పిలుస్తూ, తాను మృత్యువునని చెబుతుంది. సావిత్రి భయంతో జవాబు పాడుతుంది. ఆయన శ్రుతి ఒకటి, ఈమె శ్రుతి ఇంకొకటి. రెండూ కలవవు. పక్కన తోడుగా ఒక్క తీగ కూడా లేకుండా ఇద్దరు మనుషుల మధ్య దూరాన్ని అంత సులువుగా వినిపించిన చోటు ఆ కాలపు ఇంగ్లిష్ సంగీతంలో నేను ఇంకెక్కడా వినలేదు.

కథ తెలిసిన మనకి కొన్ని లోట్లు కనిపిస్తాయి. నారదుడు లేడు, ఏడాది గడువు లేదు, మామగారి చూపూ రాజ్యమూ వరాలుగా అడగడం లేదు. మన సతీ సావిత్రి నాటకాల్లో యముడితో జరిగే వాదం ఎంత రక్తి కడుతుందో! వరం మీద వరం అడుగుతూ, చివరికి నూరుగురు కొడుకులు కావాలని ఇరికించేస్తుంది. హోల్‌స్ట్ దాన్నంతా ఒక్క వరానికి కుదించాడు. నీకోసం ఏదైనా అడుగు, సత్యవంతుడు తప్ప, అంటాడు మృత్యువు. బతుకు ఇవ్వమంటుంది. నీకు బతుకు ఉంది కదా అంటే, సత్యవంతుడు లేకపోతే నాకది బతుకే కాదంటుంది. మృత్యువు మాట మీద నిలబడక తప్పదు. యుక్తి తగ్గింది కానీ దెబ్బ సూటిగా తగిలింది. మాయ అనే భావం మొదటి నుంచి చివరిదాకా ఉంటుంది. చివర్లో మృత్యువు కూడా మాయేనన్న చోటికి వచ్చి ఆగుతుంది.

ఇది 1916 డిసెంబర్‌లో గానీ లండన్‌లో రంగస్థలం ఎక్కలేదు, అదీ విద్యార్థులు ఆడింది. రాసిన ఎనిమిదేళ్లకు.

కాళిదాసుని ముట్టుకున్నాడా?

ముట్టుకున్నాడు, చేయి కాలింది. మేఘదూతాన్ని బృందగానానికి, ఆర్కెస్ట్రాకి రాశాడు. అప్పటిదాకా తాను రాసినవాటిలో అదే గొప్పదని నమ్మాడు. స్నేహితుడు బాల్ఫర్ గార్డినర్ డబ్బు పెట్టగా 1913 మార్చి 4న లండన్ క్వీన్స్ హాల్‌లో వినిపించారు. జనానికి నచ్చలేదు. మనిషి కుంగిపోయాడు.

ఋతుసంహారం లోంచి వసంతం, గ్రీష్మం తీసుకొని ఆడగొంతులకు, హార్ప్‌కి రాసిన రెండు చిన్న పాటలున్నాయి. అవి బాగుంటాయి. యక్షుడి విరహం కంటే ఎండాకాలం ఆయన చేతికి బాగా లొంగింది.

ఇండియా వచ్చాడా?

రాలేదు. తూర్పు వైపు ఆయన ప్రయాణాలు అల్జీరియాలో ఒకటి, యుద్ధం చివర గ్రీసులోని సలోనికాకు, అక్కడి నుంచి టర్కీకి. అల్జీరియాలో సైకిల్ మీద ఎడారి అంచుల్లో తిరిగాడు. అక్కడ విన్న ఒక వేణువు పలుకు చెవిలో ఉండిపోయింది. "బెని మోరా" అనే రచన మూడో భాగంలో నాలుగు స్వరాల ఆ ముక్కనే వేణువు 163 సార్లు వాయిస్తుంది. చుట్టూ మిగతా ఆర్కెస్ట్రా మారుతూ ఉంటుంది, వేణువు మారదు. మొదట విసుగు, తర్వాత మత్తు.

గ్రహాల ఆలోచన ఎలా వచ్చింది? మన నవగ్రహాలేనా?

మేఘదూతం దెబ్బ తిన్న ఆ నెలాఖరులోనే గార్డినర్ ఆయన్ని స్పెయిన్‌కి చెందిన మయోర్కా దీవికి సెలవు మీద తీసుకెళ్లాడు. వెంట స్వరకర్త ఆర్నల్డ్ బాక్స్, ఆయన తమ్ముడు రచయిత క్లిఫర్డ్ బాక్స్. ఈ క్లిఫర్డ్‌కి జ్యోతిషం పిచ్చి, అక్కడ హోల్‌స్ట్‌కి అంటించాడు. కాళిదాసు మేఘం లండన్‌లో కురవకపోవడం వల్లే గ్రహాలు పుట్టాయని నేను సరదాగా అంటుంటాను, అందులో కొంత నిజం లేకపోలేదు.

కాబట్టి మూలం మన పంచాంగం కాదు, ఆలన్ లియో లాంటి ఇంగ్లిష్ జ్యోతిష్కుల పుస్తకాలు. లియో దివ్యజ్ఞాన సమాజం మనిషి, మన భావాలు ఆ దారిన కొంత కలిసి ఉంటాయి. అంతకంటే ఎక్కువ చుట్టరికం కలపొద్దు. హోల్‌స్ట్‌కి తర్వాత జీవితాంతం స్నేహితుల జాతకాలు వేయడం ఒక సరదా.

ముత్తుస్వామి దీక్షితుల నవగ్రహ కృతులతో పోలిక మాత్రం మన చెవులకు తప్పదు. దీక్షితుల వారిది స్తోత్రం: సురటిలో అంగారకుడు, నాటకురంజిలో బుధుడు, అఠాణాలో బృహస్పతి, యదుకుల కాంభోజిలో శని. హోల్‌స్ట్‌ది స్వభావ చిత్రం. ఆయన ఏడింటిలో సూర్యుడు లేడు, చంద్రుడు లేడు, రాహుకేతువులు లేరు. మనవాళ్లు లెక్కలోకి తీసుకోని యురేనస్, నెప్ట్యూన్ ఉన్నాయి. మన కుజుడు కూడా యుద్ధప్రియుడే, అక్కడ పేచీ లేదు. మన శుక్రుడు రాక్షసుల గురువు, ఆయన శుక్రుడు శాంతి తెచ్చేది. మన గురుడు పాఠం చెప్పేవాడు, ఆయన గురుడు తిరునాళ్లలో గంతులేసేవాడు.

శని దగ్గర మాత్రం ఇద్దరూ కలుస్తారు. శనైశ్చరుడంటే మెల్లగా నడిచేవాడు, మందుడని ఇంకో పేరు. హోల్‌స్ట్ శని "ముసలితనం తెచ్చేవాడు". రెండే స్వరాలు అటూ ఇటూ ఊగుతుంటే మెట్లు ఎక్కుతున్న ముసలి అడుగుల్లా మొదలవుతుంది. మధ్యలో గంటలు భయంకరంగా మోగుతాయి, చివరికి ఒక రకమైన నెమ్మది వస్తుంది. మొత్తం ఏడింటిలో ఆయనకు ఇష్టమైనది ఇదే. మనం శనివారం నువ్వులనూనె పోసి వదిలించుకోవాలని చూసేవాణ్ణి, ఆయన దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

కుజుడి భాగం ప్రపంచ యుద్ధం చూసి రాసిందేనా?

అలా అనిపిస్తుంది కానీ కాదు. 1914 ఆగస్టులో యుద్ధం మొదలయ్యేటప్పటికే దాని చిత్తుప్రతి దాదాపు సిద్ధంగా ఉంది. అది ఐదు మాత్రల నడక. ఐదు లెక్కకి కాలు కలిపి కవాతు చేయలేరు, అందుకే అది సైన్యం నడకలా కాక యంత్రం నడకలా ఉంటుంది. మొదట్లో వినిపించే ఆ టకటక, వయొలిన్ వాళ్లు కమాను వెంట్రుకలతో కాకుండా కమాను కర్రతో తీగల మీద కొట్టే చప్పుడు. ఖండ నడక అలవాటున్న మన చెవికి ఆ ఐదు పట్టేయడం చాలా తేలిక. పడమటి శ్రోతలకే అది గతుకుల రోడ్డు.

మొదటిసారి ఎప్పుడు వాయించారు?

1918 సెప్టెంబర్ 29, ఆదివారం పొద్దున. రచన 1916లోనే పూర్తయింది. అంత పెద్ద ఆర్కెస్ట్రాని యుద్ధకాలంలో ఎవరు కూడగడతారు? మళ్లీ గార్డినరే. హోల్‌స్ట్ సలోనికా వెళ్లేముందు వీడ్కోలు కానుకగా క్వీన్స్ హాల్‌నీ, దాని ఆర్కెస్ట్రానీ ఒక పూట అద్దెకు తీసుకొని ఇచ్చాడు. కండక్టర్ కుర్రాడు ఏడ్రియన్ బోల్ట్. వాద్యగాళ్లు ఆ కాగితాలు చూడటం ఆ పొద్దునే. రెండు గంటలలోపు రిహార్సల్, ఆ వెంటనే ఆహ్వానితుల ముందు ప్రదర్శన. గురుడి భాగం వస్తుంటే నేల తోముతున్న పనివాళ్లు బ్రష్‌లు పక్కన పెట్టి వరండాలో చిందులేశారని కూతురు ఇమోజెన్ రాసింది.

చివరిదైన నెప్ట్యూన్‌లో కనపడకుండా పాడే ఆడగొంతులు కావాలి. ఆ రోజు పాడింది ఆయన బడి పిల్లలు, రాత్రి కాలేజీ విద్యార్థినులు. పక్క గదిలో నిలబెట్టి, చివర్లో తలుపు మెల్లగా మూసేయాలని స్వరపత్రంలోనే రాశాడు. పాట ఆగిపోదు, వినపడకుండా పోతుంది.

బయటి జనం ఏడు భాగాలూ కలిపి వినడం 1920 నవంబర్‌లో. ఆ తర్వాత ఆయన పేరు మోగిపోయింది.

పేరు వచ్చాక సుఖపడ్డాడా?

లేదు. ఆటోగ్రాఫ్ అడిగితే, ఇవ్వనని టైప్ చేసిన చీటీ చేతిలో పెట్టేవాడు. బిరుదులు పుచ్చుకోవడం ఇష్టం లేదు. గ్రహాల్లోంచి రెండు మూడు ముక్కలు ఏరి, గురుడితో సంబరంగా ముగించే కచేరీలంటే ఒళ్లుమంట. 1923లో రెడింగ్‌లో వేదిక మీంచి పడి తలకు దెబ్బ తగిలింది. పైకి మామూలుగానే ఉన్నా తర్వాత నిద్ర పట్టక, తలనొప్పితో విలవిల్లాడాడు. డాక్టర్లు పనులన్నీ మానుకోమన్నారు. 1924 అంతా థాక్స్‌టెడ్‌లో ఒంటరిగా గడిపాడు.

తర్వాత రాసినవి ఇంకా పలచగా, ఇంకా చల్లగా అయిపోయాయి. 1927లో రాసిన "ఎగ్డన్ హీత్", నవలాకారుడు థామస్ హార్డీ వర్ణించిన బీడుభూమి మీద, తన అన్నిటికన్నా మంచి రచన అని ఆయన నమ్మకం. గ్రహాల కోసం వచ్చినవాళ్లు దాన్ని విని తెల్లబోయారు. నాకూ మూడోసారి విన్నాక గానీ లోపలికి వెళ్లలేదు, ఒప్పుకోవాలి.

ఇంత రాసినాయన టీచర్‌గా ఎందుకు ఉండిపోయాడు?

ముందు డబ్బు కోసం. 1901లో ఇసొబెల్ హారిసన్‌ని పెళ్లి చేసుకున్నాడు. హామర్‌స్మిత్‌లో సోషలిస్టు బృందగానానికి ఆయన కండక్టర్, ఆమె అందులో గాయని. ట్రాంబోన్ జీతంతో ఇల్లు గడవదు. 1905లో హామర్‌స్మిత్‌లోని సెయింట్ పాల్స్ బాలికల బడిలో సంగీతం మాస్టారుగా చేరి, చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. 1907 నుంచి 1924 దాకా మోర్లీ కాలేజీలో సాయంత్రాలు పనివాళ్లకు, గుమాస్తాలకు కూడా పాఠాలు.

తర్వాత తర్వాత ఇష్టంతోనే ఉన్నాడు. 1913లో ఆ బడిలో కట్టిన కొత్త సంగీతం విభాగంలో శబ్దం చొరబడని గది ఒకటి ఆయనకిచ్చారు. ఆదివారం బడి ఖాళీగా ఉంటే అక్కడ కూర్చొనే గ్రహాలు రాశాడు. కృతజ్ఞతగా బడి పిల్లల ఆర్కెస్ట్రాకి "సెయింట్ పాల్స్ సూట్" రాసిచ్చాడు. మోర్లీలో ఆయన చేసిన ఒక పని నాకు గ్రహాల కన్నా గొప్పగా తోస్తుంది. పర్సెల్ అనే పాతకాలపు స్వరకర్త "ఫెయిరీ క్వీన్" స్వరప్రతి దాదాపు రెండు వందల ఏళ్లు కనపడకుండా పోయి దొరికితే, పగలంతా ఉద్యోగాలు చేసుకొనే విద్యార్థులు వాద్యాల వారీగా వందల పేజీలు చేత్తో ఎత్తిరాశారు. 1911లో అందరూ కలిసి పాడి వినిపించారు.

గురుడి భాగంలోని పాట ఇంగ్లండ్‌లో దేశభక్తి గీతం ఎలా అయింది?

గురుడి మధ్యలో నెమ్మదిగా సాగే ఒక గంభీరమైన వరస ఉంది. సెసిల్ స్ప్రింగ్ రైస్ అనే రాయబారి 1918లో రాసిన దేశభక్తి పద్యానికి 1921లో బాణీ కట్టమన్నారు. పని ఒత్తిడిలో ఉన్న హోల్‌స్ట్‌కి, ఆ పద్యం ఈ వరసకి సరిగ్గా అతుకుతుందని తెలియగానే హమ్మయ్య అనిపించింది. అంతే, అతికించి ఇచ్చేశాడు. తర్వాత కీర్తనల పుస్తకంలోకి ఎక్కినప్పుడు ఆ బాణీకి తన పల్లె పేరే, థాక్స్‌టెడ్ అని పెట్టారు. డయానా పెళ్లిలో 1981లోనూ, అంత్యక్రియల్లో 1997లోనూ పాడింది ఇదే.

ప్లూటో ఎందుకు లేదు?

రాసేటప్పటికి ప్లూటోని ఇంకా కనిపెట్టలేదు. 1930లో కనిపెట్టాక కూడా ఆయన కలపలేదు. 2000లో కాలిన్ మాథ్యూస్ అనే స్వరకర్త ప్లూటో భాగం రాసి చేర్చాడు. ఆరేళ్లకే ఖగోళ శాస్త్రజ్ఞులు దాన్ని మరుగుజ్జు గ్రహం చేసేశారు. భూమి లేకపోవడానికి కారణం జ్యోతిషంలోనే ఉంది: మనం నిలబడి చూసే చోటికి ఫలితం చెప్పరు కదా.

ఎలా చనిపోయాడు?

కడుపులో పుండు. 1932లో హార్వర్డ్‌లో పాఠాలు చెప్పడానికి వెళ్లినప్పుడు తిరగబెట్టింది. 1934 మేలో ఆపరేషన్ చేశారు, రెండు రోజులకే గుండె ఆగింది. యాభై తొమ్మిదేళ్లు. ఇంగ్లిష్ స్వరకర్తలు ఎల్గర్, డీలియస్ కూడా అదే ఏడాది పోయారు. చితాభస్మాన్ని చిచెస్టర్ కెథీడ్రల్‌లో ఉంచారు.

ఒక్కతే కూతురు ఇమోజెన్. తండ్రి జీవితచరిత్ర రాసింది, తర్వాత స్వరకర్త బెంజమిన్ బ్రిటెన్ దగ్గర పనిచేసింది. తండ్రి రచనల్లో బాగాలేనివి బాగాలేవని పుస్తకంలో కుండబద్దలు కొట్టింది. సావిత్రి రికార్డింగుకి జానెట్ బేకర్ పాడగా తానే కండక్ట్ చేసింది కూడా.

ఆయన రచనలు వాడుకోవడానికి అనుమతి కావాలా?

ఆయన బతికుండగా అచ్చయినవాటి స్వరాలకు మన దేశంలో అక్కర్లేదు, కాపీరైట్ గడువు ఎప్పుడో తీరిపోయింది. కానీ ఒక ఆర్కెస్ట్రా ఈమధ్య చేసిన రికార్డింగుని మీ వీడియో వెనక పెట్టుకుంటే అది వేరే సంగతి, దాని హక్కులు వాళ్లవి.

ఏది ముందు వినాలి?

పడమటి సంగీతం అలవాటు లేకపోతే సెయింట్ పాల్స్ సూట్‌తో మొదలుపెట్టండి, పావుగంట కూడా ఉండదు. తర్వాత ఋగ్వేద బృందగానాల మూడో వరస. ఆ తర్వాత సావిత్రి, పక్కన ఇంగ్లిష్ మాటలు పెట్టుకొని. గ్రహాలు ఆఖరికి. సెల్‌ఫోన్ స్పీకర్లో వద్దు, మంచి ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, ఏడూ వరసగా వినండి, మొత్తం యాభై నిమిషాలు. చివర నెప్ట్యూన్‌లో ఆడగొంతులు సన్నగిల్లుతున్నప్పుడు ఫోన్ ఆగిపోయిందేమోనని తీసి చూసుకోకండి, ఆ తలుపు ఇంకా పూర్తిగా మూసుకొని ఉండదు.